మాట తోక

ఉప్పుగాలికి సుద్దముక్క మెత్తబడి
బోర్డు మీద అక్షరం సగమే పడుతుంది.
పెదజాలారిపేట మున్సిపల్ స్కూలు, ఐదో తరగతి, మూడో పీరియడు.
ఈవేళ పాఠం: మాట చివర తోక తగిలిస్తే
మాట ఏమవుతుంది?

ఎర్‌తో మొదలెట్టాను.
టీచ్‌కి ఎర్ కలిపితే టీచర్, చెప్పే మనిషి.
సింగ్‌కి కలిపితే సింగర్, పాడే మనిషి.
"మరి వాటరండీ?" అంది కాశులమ్మ.
"వాట్ చేసే మనిషా?"
తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను.
ఫింగర్, డిన్నర్, సిల్వర్,
తోక కాని తోకలు ఎన్నో
ఒక్కసారిగా ఒడ్డుకొచ్చి పడ్డాయి.
తోకలా కనబడిందల్లా తోక కాదని చెప్పి
ఎలాగో గట్టెక్కాను.

ధనరాజు లేచాడు.
"ఫిష్‌కి కలిపితే మా నాన్నండి."
అవును.
"మాయమ్మ రేవులో ఐసు కొడతాదండి. ఆవిడ ఐసరా?"
నా దగ్గరున్న చిన్న డిక్షనరీ తిరగేశాను.
అందులో వాళ్ళమ్మ లేదు.
"రాసుకో" అన్నాను.
రాసుకున్నాడు, పెద్దక్షరాలతో.

తర్వాత ఫుల్, లెస్.
ఎలా చెప్పాలా అని చూస్తుంటే కిటికీ అవతల
ఇసకలో కూచుని ఎవరో వల బాగుచేస్తున్నారు.
"అదిగో, వలకి పైఅంచున ఏముంటాయి?"
"బెండులు!"
"కిందంచున?"
"సీసం గుళ్ళు!"
ఫుల్ బెండు. హోప్‌ని పైకి తేలుస్తుంది.
లెస్ గుండు. అదే హోప్‌ని అడుక్కి లాగేస్తుంది.
నాకు నేనే శభాష్ అనుకున్నాను,
"రెండూ నేకపోతే వల నిలబడదండి" అని
వెనకబెంచీ నుంచి ఎల్లాజీ అనేదాకా.

గుండ్లే ఎక్కువ దొరికాయి పిల్లలకి:
నెట్‌లెస్, డీజిల్‌లెస్,
తుపాను కబురొచ్చిన వారమంతా ఫిష్‌లెస్.

నెస్ మాత్రం తేలిగ్గా లొంగింది. మనకి తనం ఉందిగా.
మంచితనం, పిరికితనం,
"జాలారితనం" అన్నాడెవడో.
దానికి ఇంగ్లీషు అడిగారు నన్ను.
గంట కొట్టారు, బతికిపోయాను.

శనివారం పరీక్ష.
ప్రైస్‌లెస్ అనగా ఏమి?
అందరూ నేను చెప్పిందే రాశారు: వెలకట్టలేనిది.
ఎల్లాజీ ఒక్కడూ రాశాడు:
"సాయంత్రం ఆరు దాటినాక మా నానమ్మ గంపలో నెత్తళ్ళు."

నవ్వొచ్చింది. తప్పు కొట్టాను.
కొట్టాక చెయ్యి ఆగింది.
వాడు సూత్రం తప్పలేదు కదా,
లెస్ అంటే లేకపోవడం, ధర లేకపోవడం.
ధర పోయి పారబోతకి వెళ్ళేదొకటి,
ధరకి అందకుండా ఉండిపోయేది ఇంకొకటి.
ఒకే తోక, రెండువైపులా ఊగుతుంది.
తెలుగులో మాత్రం?
అమూల్యమన్నా మూల్యం లేనిదే.
ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్న మాట,
ఒక్కరోజూ అనుమానం రాలేదు నాకు.
అరమార్కు వేశాను.

కాగితాల కట్ట చంకన పెట్టుకుని బస్సుకి నడుస్తుంటే
రోడ్డు వార, దీపం కింద, గంప ముందు ముసలావిడ.
"టీసరమ్మా! మా ఎల్లాజీగాడు సదుగుతున్నాడా?"
టీచ్, దాని తోకన ఎర్, ఆ తోకకి మళ్ళీ అమ్మ.
ఏ గ్రామరు పుస్తకమూ ఇంత దూరం రాలేదు.
"బాగానే చదువుతున్నాడు" అన్నాను.
పాత పేపరులో రెండు దోసిళ్ళ నెత్తళ్ళు చుట్టి
చేతిలో పెట్టింది.
ఎంత అని అడిగితే ఈగల్ని తోలినట్టు చెయ్యి ఊపింది.
"నీకు దరేటమ్మా!"

ఇంటికొచ్చేసరికి కాగితాలన్నిటికీ అదే వాసన.
ఎల్లాజీ కాగితం పైకి తీసి పెట్టాను.
నెత్తళ్ళు బాగుచేశాను, పులుసు దించాను, అన్నం తిన్నాను.
అరమార్కు పక్కన ఎర్రపెన్ను
అప్పట్నుంచీ మూత లేకుండానే ఉంది.