గొర్రె కొవ్వులో పాలపన్ను

జనరేటర్ ఇవాళ కూడా మూడోసారికి గానీ అందుకోలేదు.
బయట మైనస్ ఇరవై రెండు.
వ్యాన్‌లో మత్తుమందు గొట్టాల్ని
చంకలో పెట్టుకుని వెచ్చబెడుతున్నాను.
గోబీలో పిల్లల పళ్ళ డాక్టరంటే
సగం పొదిగే కోడి.

ఒక్క మోటార్‌సైకిల్ మీద ముగ్గురొచ్చారు:
తండ్రి, నాయనమ్మ,
మధ్యలో ఇరుక్కుని, బుగ్గ ఉబ్బిన ఆరేళ్ళ మూట.
పేరు? అన్నాను కార్డు తీసి.
నెర్‌గుయ్, అంది ముసలామె.
అంటే మా మాటల్లో, పేరు లేదు.
ముందు ఇద్దరు దక్కలేదట.
చావు వెతుక్కుంటూ వస్తే
పిలవడానికి దానికేమీ దొరక్కూడదని.
చావుకి చిక్కలేదు గానీ
సంతలో కొన్న జిగురు మిఠాయికి చిక్కాడు.

"నాలుగు రాత్రులు పంటి బిగువున ఓర్చుకున్నాడు"
తండ్రి గొంతులో మురిపెం.
పన్నే నొప్పయితే దేన్ని బిగబట్టి ఓర్చుకుంటాడు?
పైకి అనలేదు.

"పాలపన్నే కదా, ఎలాగూ ఊడేది,
దీనికోసం ఎనభై కిలోమీటర్ల పెట్రోలు!"
ఇది నాయనమ్మ.
చలికాలం విడిదికి మీకంటే ముందు
చోటు పట్టి ఉంచడానికి ఒకర్ని పంపరూ?
పాలపన్నూ అంతేనమ్మా, అన్నాను.
దీన్నిక నిలబెట్టలేను, ఆలస్యమైంది,
మిగతావాటి కోసం చెబుతున్నా.
ఆమె ఒప్పుకోలేదు.
ఫ్లాస్కులోంచి ఉప్పు టీ వంపుకుంది.

వాడు చూస్తే
నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా ఉన్నాడు.
పెట్టాను.
కొరికాడు.
తండ్రి చెయ్యెత్తాడు. వద్దన్నాను.
"పదునుగానే ఉన్నాయిరా.
సరే, ముందు నావి నువ్వు లెక్కపెట్టు."

కుర్చీలో నేను పడుకున్నాను.
లైటు వాడి చేతికి, అద్దం వాడి చేతికి.
మాపటేళ దొడ్లోకి వచ్చే గొర్రెల్ని లెక్కబెట్టినట్టు
పెదాలు కదుపుతూ, తాకి తాకి, ఒక్కొక్కటీ.
"ఇక్కడొకటి తప్పిపోయింది."
ఊఁ.
"తోడేలా?"
నోరు తెరిచి ఉంది, నవ్వలేకపోయాను.
"ఏడేళ్ళప్పుడు. ఊళ్ళో మందుల గదిలో.
మత్తు అయిపోయిందన్నారు. నలుగురు పట్టుకున్నారు."
వాడు అద్దాన్ని ఇంకాసేపు
అక్కడే ఉంచాడు.

తర్వాత వాడే ఎక్కాడు కుర్చీ.
నా ఒంటి వేడి ఉన్న మందు, సన్న సూది.
చిగురు మొద్దుబారేదాకా
మీ ఒంటెల పేర్లు చెప్పమన్నాను.
పేరు లేనివాడు పదకొండు పేర్లు చెప్పాడు.

ఏడవలేదని రాసుకోవాలనుంది గానీ
ఏడ్చాడు,
పన్ను వచ్చేశాక, తీరిగ్గా.

రెండు పూటలా తోమాలి, పేస్టు బఠాణీ గింజంత, అన్నాను.
ముగ్గురూ నా మొహంలోకి చూశారు.
మేక పెంటికంత, అన్నాను.
నాయనమ్మ పగలబడి నవ్వింది,
ఒక్క పన్నూ లేని నోటితో.
"పొద్దుటికి బ్రష్షు గడ్డకట్టి పుల్లయిపోతుందే?" తండ్రి.
రాత్రి వాడి దుప్పట్లో పెట్టండి.
"గొర్రెపిల్లతో పాటా?"
దాంతో పాటే.

పన్నుని దూదిలో చుట్టి ఇచ్చాను.
గొర్రె కొవ్వులో పొదిగి కుక్కకి పెడతారు మావాళ్ళు,
వచ్చే పన్ను కుక్కపన్నంత గట్టిగా రావాలని.
తలుపు దగ్గర ఆగాడు,
మొద్దుబారిన పెదవి నుంచి చొంగ కారుతూ:
"ఇది పుచ్చింది కదా,
తింటే మా ఆసర్ పళ్ళు పుచ్చవా?"

అయిదేళ్ళ చదువు, ఆపైన రెండేళ్ళ పిల్లల వార్డు,
ఏ పరీక్షలోనూ ఇది అడగలేదు.
"కొవ్వు కాస్త ఎక్కువ పెట్టు" అన్నాను.
తలూపాడు. మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కాడు.
"నీది ఏ కుక్క తింది?"

తెల్ల ఎనామిల్ గిన్నెలో
టంగుమన్న చప్పుడు దాకా గుర్తుంది.
ఆ తర్వాత తెలీదు.
తెలీదనే చెప్పాను.
అయ్యో, అన్నాడు వాడు,
నాకు కాదు,
ఆ కుక్కకి.