అలుగు

నలభై ఒక్క రాత్రుల కార్డు
లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే
మొదటి నూట పన్నెండు ఫోటోలూ నా మోకాళ్ళే.
తర్వాత దాలినాయుడి గొడుగు.
తర్వాత పుల్లలకొచ్చిన ముగ్గురాడవాళ్ళు;
ఒకామె కెమెరాకి బాగా దగ్గరగా వచ్చి
అద్దమనుకుందో ఏమో, బొట్టు సరిచేసుకుంది.
రెండు ముళ్ళపందులు. ఒక పునుగుపిల్లి తోక.
మధురవాడ వైపు నుంచి దారితప్పిన కుక్క,
మెడలో ఇంకా గొలుసు.
అలుగు లేదు.

నేను తిరిగిన అడవులు దూరాభారంవి.
మూడు రోజులు నడిస్తే గాని రానివి,
జలగలు జోళ్ళలో కాపురం పెట్టేవి.
ఇది ఆటో దిగి నడిచే అడవి.
హైవే మీద లారీలు గేరు మార్చే చప్పుడు
చెవిలో ఉండగానే
కంబాలకొండ మొదలవుతుంది.
"ఇదీ ఒక ఫీల్డేనా?" అని ఫోన్లో మా గైడు నవ్వాడు.
నేనూ నవ్వాను, మొదటి వారం.

దాలినాయుడు వాచరు. పైన ఖాకీ చొక్కా, కింద లుంగీ.
చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాడు.
"నేలకి తెలవకుండా ఎల్లాలమ్మా" అంటాడు.
పుట్ట చూసి, వాలు చూసి, చిటికెడు మట్టి వాసన చూసి
"నిన్న రేత్రొచ్చింది" అంటాడు.
ఎలా తెలుసని అడిగితే
తుమ్మబంక గిల్లుతూ మాట మారుస్తాడు.

నలభై రెండో రాత్రి.
వాన తెరిపిచ్చింది.
మూడు దిక్కులు చీకటి,
నాలుగో దిక్కు నగరం,
మబ్బు కడుపున నారింజ రంగు సెగ.
హార్బరులో ఏదో ఓడ ఒక్కసారి మూలిగింది.
రెండూ నలభై.

ముందు చప్పుడొచ్చింది,
ఎండుతాటాకు మీద ఎవరో పప్పు చెరుగుతున్నట్టు.
తర్వాత అదే వచ్చింది.
ముందుకాళ్ళు ముడుచుకుని, వెనక్కాళ్ళ మీద,
చిల్లర లెక్కపెట్టుకుంటూ నడిచే ముసలాయనలా.
గోళ్ళతో పుట్టని తెరిచింది.
నాలుక ఎంత పొడుగో!
కొలవడం మరిచిపోయాను.
ఊపిరి బిగపట్టాను గాని
బీచిలో తిన్న ముంతమసాలా
కడుపులో గుర్రుమంది.

అంతే, అలిగింది.
మన భాషలో దాని పేరూ అదే, దాని పనీ అదే.
తల కడుపులో దాచుకుని, తోక పైన కప్పుకుని
మూసిన గుప్పిటయింది.

నా నోట్‌బుక్కులో గళ్ళున్నాయి:
టైము, దూరం, ఉష్ణోగ్రత, ప్రవర్తన.
చివరి గడిలో 'చుట్టుకుంది' అని రాశాను.
వానచుక్క ఒక పొలుసు మీంచి ఇంకో పొలుసు మీదికి
మెట్లు దిగినట్టు దిగడానికి గడి లేదు.
లోపలది ఊపిరి తీసినప్పుడల్లా
పొలుసులన్నీ నూలుపోగంత లేచి పడడానికీ లేదు.

దాలినాయుడు గొంతుక్కూర్చుని
తన చేతులు చూసుకుంటున్నాడు.
"ఇలగే సుట్టుకుంటాదమ్మా.
గోనెసంచిలో ఎయ్యడం సులువు.
పరిగెట్టదు. కరవదు.
నానూ ఒకటి అమ్మినాను, పెద్దోడికి జరమొచ్చినేడు.
ఎనిమిదేలు.
సంచిలో రేత్రంతా గోకింది.
తెల్లారగట్ల మానేసింది."

నిండిన చెరువు పొర్లే చోటునీ
అలుగే అంటారు.
ఆయన ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.
పెద్దోడి సంగతి కూడా అడగలేదు.

ఇరవై రెండు నిమిషాలు.
గుప్పిట కాస్త వదులయింది, ముక్కు బయటికొచ్చింది,
మా ఇద్దర్నీ ఒకేలా వాసన చూసింది.
వాలు దిగి, కాలిదారి దాటి
పొదల్లోకి పోయింది.

రిపోర్టులో అక్షాంశం, రేఖాంశం అడిగారు,
చుక్క తర్వాత ఆరేసి అంకెలు.
అంత కచ్చితంగా రాస్తే
గోనెసంచి కూడా చదువుకోగలదు.
'విశాఖపట్నం జిల్లా' అని పంపాను.
అసంపూర్ణం అని తిప్పి పంపారు.
మళ్ళీ అదే రాశాను.

నిన్న కెమెరాకి బ్యాటరీలు మార్చడానికి వెళ్ళాం.
దాలినాయుడు లుంగీ చెరగుతో లెన్సు తుడిచి
బెల్టు బిగించి
కెమెరాని పుట్టవైపు నుంచి
రవ్వంత పక్కకి తిప్పాడు,
నేను చూడలేదనుకుని.
ఎర్రలైటు వెలిగిందో లేదో చూసుకుని
చెప్పులు చేత్తో పట్టుకున్నాను.