ఐదో కొన

నర్సాపురం. డిసెంబరు ఒకటి.
తాళం తిరగలేదు.
కొబ్బరినూనె పోసి ప్రభుదాసు భుజం పెడితే
పదకొండేళ్ళ చీకటి మా మీదకి తుళ్ళింది
గబ్బిలాల కంపుతో.

ఇది ఏలియమ్మ నర్సు ఉన్న ఇల్లు.
బంగళా పెంకు, సున్నపు గోడ,
గోడకి నా నడుమెత్తున ఒక గోధుమ గీత.
ఏ తుఫానేడో సముద్రం ఇక్కడిదాకా వచ్చి
సంతకం పెట్టి పోయిందన్నమాట.
సంఘం వాళ్ళు అద్దెకిచ్చింది ఒక్క ఏడాదికే.
"అద్దింటికి ఇంత సోకెందుకే" అంది మా అత్త.
సమాధానం చెప్పలేదు. సున్నం నానబెట్టాను.

మూడు పూతలు వేశాం.
మూడుసార్లూ గీత పైకి తేలింది.
నాలుగోసారి వదిలేసి
దాని వెంబడే మేకులు కొట్టి
లేసు వేలాడదీశాను.
ఏజెంటు తిప్పికొట్టిన ముక్కలవి,
ఒక కుట్టు తప్పిందనీ, టీ మరక పడిందనీ
నా కళ్ళమంటకి వెల కట్టనివి.
గోడ మీద ఏ తప్పూ కనపడదు.
గాలొస్తే మాత్రం
అల విరిగిన చోట నురుగులా కదులుతాయి.

దొడ్డి సంగతి వేరు.
ఉప్పు పట్టిన నేల. ఎండితే తెల్లగా పేలుతుంది.
కాలువ పూడిక మట్టి రెండు రిక్షాలు,
ఊక బూడిద, గెత్తం,
రోజూ బియ్యం కడిగిన కుడితి.
కడియం నర్సరీ కుర్రాడు వ్యాను దిగి
"ఈ నేలలో బతకవండి, కుండీల్లోనే ఉంచుకోండి" అన్నాడు.
సగమే విన్నాను.
చామంతులు గడప పక్కన పెట్టి
మిగతావాటికి గునపం ఎత్తాను.

గునపం ఠంగుమంది.
బోర్లించి పాతిన సీసా.
మందు సీసా, టానిక్కుల కాలం నాటిది.
పక్కన ఇంకొకటి. ఇంకొకటి.
మా సిలోమి మోకాళ్ళ మీద పాకుతూ
చీపురుపుల్లతో మట్టి గీకుతూ పోయింది.
మడిగట్టు అనుకున్నాం. తిన్నగా పోక
వంగింది. మళ్ళీ వంగింది.
పొద్దు వాలేసరికి తెలిసింది,
నక్షత్రం.
ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు అడుగులు
ఆకాశానికి తిప్పిపెట్టి
ఏ జ్వరం తాలూకు ఏ సీసానో
ఒక్కొక్కటే దాచి తెచ్చి నాటింది కాబోలు.

నాలుగు కొనలే ఉన్నాయి.
ఐదోది గోడ కింద నుంచి
మస్తానమ్మ దొడ్లోకి వెళ్ళిపోయింది.

మస్తానమ్మ గోడ మీదుగా తొంగి చూసి
"మా వైపు కోళ్ళగూడుంది, తవ్వనివ్వను" అంది.
కాసేపాగి,
"గోడ లేనప్పుడు ఆవిడ నాకు పురుడు పోసింది.
మా పెద్దాడు సీసాలు ఏరుకొచ్చి ఇచ్చేవాడు."
ఇంకేం చెప్పలేదు.
మర్నాటి నుంచి మాత్రం
వాళ్ళ కుడితి బకెట్టు గోడ మీద ఉండేది.

నాలుగు కొనల్లో మొగ్గతో ఉన్న డిసెంబరాలు నాటాం.
రెండు ఎండిపోయాయి, ఉప్పు గెలిచింది.
మిగతా రెండూ పూశాయి
ఊదారంగులో, పొదుపుగా.
మధ్యలో ఏలియమ్మ వదిలిన మొద్దొకటుంది.
దానిమ్మో గులాబీయో ఎవరికీ తెలీదు.
గోటితో గీస్తే లోపల పచ్చగా ఉంది.
దానికీ కుడితి పోస్తున్నాం.

పండగ ముందు రాత్రి
వెదురుబద్దలకి మైదా జిగురుతో ఎర్ర కాయితం అంటించి
లోపల బల్బు పెట్టి
ప్రభుదాసు ఇంటి కప్పు మీద కట్టాడు.
ఒరిగింది. సరిచెయ్యబోతే పెంకు పగిలింది.
దిగిరమ్మన్నాం.
ఒరిగిన కొన వెలుగు గోడ దాటి
కోళ్ళగూటి మీద పడింది.

పాటలవాళ్ళు ఇంకా వీధి మలుపు తిరగలేదు,
మస్తానమ్మ పుంజు
తెల్లారిందనుకుని కూసింది.
గోడ అవతల ఆవిడ లేచి తిట్టింది,
పుంజుని.
లైటు ఆర్పమని మాత్రం అనలేదు.