కనిపించని దుక్కి

మా నాన్న దున్నిన పొలంలో
ఒక్క గడ్డిపరక తేలినా ఆయనకు నామర్దా.
ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తూ
పికప్ వేగం తగ్గించి
పక్కవాళ్ళ చాళ్ళకు మార్కులు వేసేవాడు.
"ష్రాయ్‌నర్ పొలం పరవాలేదు.
హాల్వర్‌సన్‌ది, మూడ్రోజులు చీపురు పడని ఇల్లు."

హార్స్ హెవెన్ కొండలు మావి.
పేరులోనే గుర్రాలూ స్వర్గమూ.
ఏడాదికి ఎనిమిది అంగుళాల వాన,
అందులో కొంత మంచై రాలి
గాలితో పాటు పక్క కౌంటీకి పోతుంది.
రెండేళ్ళకొక్క గోధుమ పంట.
ఒక ఏడు నేల పడుకుంటుంది,
ఆ ఏడంతా మాకు నిద్రుండదు.

అమ్మ బల్ల మీద పళ్ళేలు బోర్లించి పెట్టేది,
వడ్డించే ముందు తిప్పేది.
పళ్ళెం ఎత్తితే కింద గుండ్రటి శుభ్రం.
చుట్టూ బల్లంతా
నాన్న మెత్తగా, నల్లగా, అందంగా దున్నిన పొలం.

ఆయన తుంటి విరిగిన ఏడు
పొలం నా చేతికొచ్చింది.
నాగలి తుక్కు కింద అమ్మేశాను.
ఆ రోజు ఆయన భోజనానికి రాలేదు.

ఇప్పుడు కోత అయ్యాక ఏమీ చెయ్యను.
చెయ్యకపోవడం ఎంత కష్టమో
ట్రాక్టర్ షెడ్డులో పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.
చలికాలమంతా కొయ్యకాళ్ళు నిలబడి
ఎగిరిపోయే మంచును కాళ్ళకడ్డం పెట్టి ఆపుతాయి.
వసంతంలో కలుపు మందు కొడతాను,
అదీ చెప్పాలి, దాని బిల్లు ఇంకా కట్టలేదు.
ఏప్రిల్ చివర, గద్ద రెక్కలంత వెడల్పు బ్లేడు
అయిదంగుళాల లోతున దూరుతుంది.
పైన గడ్డి ఒక్కసారి ఉలిక్కిపడి లేచి
మళ్ళీ అక్కడే కూర్చుంటుంది,
నిద్రపోతున్న పిల్లాడి కింద దుప్పటి లాగినట్టు.
లోపల సన్నదారులన్నీ తెగిపోతాయి.
అడుగునున్న తడికి
పైకెక్కి ఎండలో కలవడానికి మెట్టుండదు.

"దున్నావా?" అన్నాడు నాన్న కిటికీలోంచి.
"దున్నాను."
"ఎక్కడ?"

బ్లేడుకు రెండుసార్లు పదును పోయింది,
సాన పట్టించి తెచ్చాను.
మట్టికి పదును పోలేదు.
ఆగస్టు ఆఖరున మోకాళ్ళ మీద కూర్చుని తవ్వితే
నాలుగు వేళ్ళ పొడి, ఆ కింద మరో రెండు వేళ్ళ పొడి,
నోట్లో మాట ఆగిపోయేంత పొడి,
అప్పుడు చల్లగా తగిలింది.
పిడికిట్లో నొక్కితే ముద్దయింది.
జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను.
ఎవరికీ చూపించలేదు.

అంత లోతుకు దింపాలి గింజను.
చీకట్లో ఆరంగుళాలు ఎదురెక్కాలి మొలక.
ఈలోగా జల్లు పడి పైన అట్ట కట్టిందా,
సగం దారిలో వంగి, మడత పడి, ఆగిపోతుంది.
అందుకే ఏడాదంతా వాన కోసం మెడలెత్తి చూసే మేము
ఆ పదిరోజులు మాత్రం
దేవుడా, ఇప్పుడు వద్దు, అంటాం.

పడలేదు.

అక్టోబర్ పద్నాలుగున గాలి లేచింది.
మధ్యాహ్నానికి షెరిఫ్ రోడ్డు మూసేశాడు.
ష్రాయ్‌నర్ పొలం మా కంచె దాటి
మా పొలం మీదుగా,
మాతో ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది.
కొండ నెత్తిన, గడ్డి పలచబడ్డ చోట
నాదీ కొంత లేచింది. దాచడమెందుకు.
మిగతాదంతా గడ్డి గలగల.
కొయ్యకాళ్ళ సందుల్లో పచ్చటి సూదులు
తలొంచి, తలెత్తి.

రాత్రి నాన్న బల్ల దగ్గరికొచ్చాడు.
పళ్ళెం తిప్పడానికి చెయ్యి చాచి,
అది ముందే వెల్లకిలా ఉండటం చూసి
అంచు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపి
దీపం కింద వేలు చూసుకున్నాడు.
ఏమీ లేని వేలిని
ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఎంతైనా వెర్నా," అన్నాడు,
"చూట్టానికి మాత్రం అసహ్యంగా ఉంది పొలం."
బంగాళాదుంపలు ఇటు జరపమన్నాడు.