చిరునామా లేని నేల

రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా
నా పని ఒకటే ప్రశ్న:
"మీరెక్కడున్నారు?"
గుండెనొప్పి తర్వాత, మంటలు తర్వాత, నెత్తురు తర్వాత,
ముందు ఇల్లెక్కడో చెప్పాలి.
తార్తూ ఊళ్ళో సందుసందూ నాకు కంఠతా వచ్చు.
సగం సందుల్లో కాలు పెట్టిందే లేదు.

ఫిబ్రవరిలో ఒక పిల్లాడు ఫోన్ చేశాడు.
ఆరేళ్ళుంటాయేమో.
అమ్మ వంటింట్లో పడుకుంది, లేవట్లేదు అన్నాడు.
ఎక్కడున్నారు నాన్నా అంటే
మా తలుపు పసుప్పచ్చగా ఉంటుంది అన్నాడు.
సిగ్నల్ వీధిని చూపించింది, తలుపుని కాదు.
పదకొండు నిమిషాలు వాడితో మాట్లాడాను,
పిల్లి గురించి, ఊడిన పన్ను గురించి.
బండి చేరింది. లైను తెగింది.
ఆ తర్వాత ఏమైందో మాకెవరూ చెప్పరు.

అప్పట్నుంచి ఊళ్ళోని పసుప్పచ్చ తలుపులన్నీ
నిద్రలో వచ్చి నా మంచం చుట్టూ నిలబడేవి.
బస్సు కిటికీలోంచి లెక్కపెట్టేదాన్ని.
పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయేవి.
చెల్లెలు ఫోన్ చేస్తే, హలోకి బదులు
"మీరెక్కడున్నారు" అనేశానొకసారి.
అది చాలాసేపు నవ్వింది. నేను నవ్వలేదు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది.
కింద గీత గీసి,
వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు, చెట్ల మధ్య
అని కూడా రాసింది.
ఏ మందుల షాపులో ఇస్తారమ్మా అని అడగబోయాను.

కింది వాటాలో హిల్యాకి డెబ్బై నాలుగేళ్ళు.
క్రాన్‌బెర్రీలు ఏరి ఏరి గోళ్ళ సందుల్లో ఎరుపు.
పోయిన మొగుడి రబ్బరు బూట్లు తెచ్చి నా ముందు పడేసి
"రెండు జతల మేజోళ్ళు తొడుక్కో, సరిపోతాయి" అంది.

కష్టంలో ఉన్నవాణ్ణి ఊబిలో దిగబడ్డాడంటారు కదా,
ఆవిడ నన్ను తిన్నగా ఊబిలోకే తీసుకెళ్ళింది.

మైళ్ళకొద్దీ నాచు.
డికాక్షన్ రంగు నీళ్ళ మడుగులు.
వాటి మధ్య రెండు చెక్కపలకల దారి.
నా నడుం దాకా వచ్చే పైన్ మొక్కని చూసి
పోయినేడు నాటారా అన్నాను.
"మా అమ్మకంటే పెద్దది" అంది హిల్యా,
"పైకి పెరగడానికి దానికి తొందరేం లేదు."

మొదటి గంట ఏమీ జరగలేదు.
బుర్రలో అదే మోత. కాలు తడిసింది. దోమ కుట్టింది.
అబద్ధమెందుకు, ఇంటికి పోదామనిపించింది.

"ఇక్కడ పడిపోతే ఫోన్లో ఏమని చెప్తావు?" అడిగాను.
"పొట్టి పైన్ల దగ్గర అని."
"అలాంటివి లక్షున్నాయి."
"అయితే వెతుక్కుంటారు" అంది,
చేతిలోని పళ్ళు బుట్టలోకి జారవిడుస్తూ.

పలక దిగి నాచు మీద నిలబడ్డాను.
నేల లోపలికి వంగింది,
కాలు తీశాక నెమ్మదిగా, తనంతట తాను, లేచింది.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను.
ఎంతసేపు ఆ ఆట ఆడానో తెలీదు.

తలుపు రాలేదని కాదు, వచ్చింది.
దాన్ని బిగించడానికి అక్కడ గోడ లేదు.
పైగా సెప్టెంబరు. భూర్జ చెట్ల నిండా పసుపు,
నీళ్ళలో పసుపు, నా భుజం మీద రాలిన పసుపు.
అంత పసుపులో ఆ తలుపు
ఎటుపోయిందో కాసేపు కనబడలేదు.

అప్పుడే ఎక్కడో పైన సారసాలు అరిచాయి,
దక్షిణానికి పోతూ, బొంగురుగా, గుంపుగా.
నా చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి పోయింది.
హెడ్‌సెట్ లేదు.
నేను ఎత్తక్కర్లేని పిలుపు,
ఏడేళ్ళలో మొదటిది.
అక్కడే కూర్చుని ఏడ్చాను. హిల్యా
నా వైపున్న పళ్ళు కూడా తనే ఏరుకుంది.

నయమైందా అంటే, ఏమో.
సగం మాత్ర ఇంకా వేసుకుంటూనే ఉన్నాను.
ఊబిలో ఏదీ తొందరగా కుళ్ళదట,
వందల ఏళ్ళ నాటి ఆకు ఆకులాగే ఉంటుందట.
నాదీ అలాగే ఉంటుందేమో, అడుగున, చల్లగా.

నిన్న రాత్రి ఒక ముసలాయన,
తానెక్కడున్నాడో తనకే తెలీని మనిషి.
అడిగాను.
ప్రశ్నకీ జవాబుకీ మధ్య
ఒక పలక వెడల్పు చోటు దొరికింది నాకు.
దాని మీద నిలబడి విన్నాను.

బూట్లు ఇంకా తిరిగివ్వలేదు.
హిల్యా అడగలేదు.