ఒక గుక్క

పలాస ఆసుపత్రిలో మూడో నంబరు మంచం,
మంగళవారం, శుక్రవారం, పొద్దున్న ఆరు నుంచి పది.
తవిటయ్య ఎడమ చెయ్యి మిషనుకి ఇచ్చేసి
కుడి చెయ్యి నావైపు ఊపి "సదువు" అంటాడు.

ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన మనిషి.
నాకు ఎక్కడం నేర్పింది ఆయనే.
తీగని నమ్మకు,
ఫోన్లో "ఆపేశాం" అన్నవాణ్ణి అసలే నమ్మకు,
నీ చేత్తో ఎర్తు రాడ్డు తగిలించాకే ముట్టుకో అన్నాడు.
ఇప్పుడు ఆయన మోచేతి కింద ఫిస్టులా
వేలు పెడితే గుయ్యిమంటుంది
సప్లై ఉన్న లైనులాగ.

నేను చదివేది ఏడు భాగాల కథ.
రెక్కల గుర్రాలు, ఉప్పుతో కట్టిన కోట, మాట్లాడే పొగ.
వీటిలో దేన్నీ ఆయన కాదనలేదు.
"ఉంటాయేమో. మనమేటి అన్నీ సూసేమా."

నాలుగో భాగం చివర గురువు ఉల్కాముని
విరిగిన వంతెన మీద, పొట్టలో బాణంతో,
శిష్యుడి ఒళ్ళో తల పెట్టుకుని
పదకొండు పేజీలు మాట్లాడి చచ్చిపోయాడు.
నాకు గొంతు పట్టేసింది. పుస్తకం మూశాను.

తవిటయ్య ఫ్యాను వైపు చూస్తున్నాడు.
"నాను నమ్మను."
ఏం, శవం కనపళ్ళేదనా? ఆరో భాగంలో తిరిగొస్తాడనా?
"అది కాదురా గుంటడా.
పొట్టలో బాణం. నెత్తురంతా పోతంది. మిట్టమజ్జానం ఎండని కూడా రాసినాడు.
పదకొండు పేజీలు.
ఒక్కసారైనా నీళ్ళడిగినాడా?"

గురువు పోకపోతే కుర్రాడు కొండెక్కడు కదా,
కథకి అవసరం, అన్నాను.
"మరైతే ముసిలోడు గుంటడి కోసం సావనేదు.
రాసినోడి కోసం సచ్చినాడు."
పక్క మంచం మీద జీడిపిక్కలు కొట్టే కూర్మమ్మ
కళ్ళు తెరవకుండానే నవ్వింది.

ఆయన దిండు పక్కన అరలీటరు సీసా.
దాని మీద పెన్ను గీతలు:
పొద్దున్నకింత, మధ్యాహ్నానికింత, అడుగున రాత్రికి.
తిత్లీ తుపానప్పుడు పడిపోయిన లైన్లు లేపుతూ
ఇదే మనిషి, కూలిన చెట్టు మీద కూచుని
ఆ చెట్టు బోండాలే వరసగా ఏడు
గటగటా తాగడం నేను స్తంభం మీంచి చూశాను.

ఆ రాత్రి సబ్‌స్టేషన్లో నా డ్యూటీ.
ఆరో పేజీ అంచున పెన్సిలుతో కొంచెం రాశాను.

శుక్రవారం చెప్పకుండా మళ్ళీ వంతెన దగ్గరే మొదలెట్టాను.
నాలుగు దిక్కుల రహస్యం చెబుతూ చెబుతూ
ఉల్కాముని ఆగాడు. పెదాలు నాలుకతో తడుపుకోబోయాడు.
"నీళ్ళున్నాయా?" అన్నాడు.
శిష్యుడి తోలుతిత్తిలో అడుగున ఉన్నాయి కాసిని.
ఒక గుక్క లోపలికెళ్ళింది, సగం గడ్డం మీంచి కారింది.
మూడు దిక్కులే చెప్పాడు.

మిగతా అయిదు పేజీలూ నేను చదవలేదు.

మిషను తిరుగుతోంది. సిస్టరు వచ్చి బీపీ రాసుకుని వెళ్ళింది.
"ఆఁ" అన్నాడు తవిటయ్య. "ఇప్పుడు సచ్చినాడు."

తరవాత సీసా తీసి
మధ్యాహ్నం గీత చూసుకుని, నన్ను చూసి,
మూతలో సగం పోసుకుని
మింగకుండా నోట్లోనే తిప్పుతూ ఉంచుకున్నాడు
నేను సంచిలోంచి అయిదో భాగం తీసేదాకా.