పౌడరు కుంచె

కోసిన కొమ్మని వెంటనే నాటొద్దంది
మొక్కల కొట్టావిడ.
వారం రోజులు నీడన పడెయ్.
తెగిన చోట పక్కు కట్టాక
అప్పుడు చూపించు మట్టి.

ఫాన్‌థియెత్‌లో మా మేడ మీదికి
చేపసాస్ పీపాల వాసన అడక్కుండానే వస్తుంది.
అక్కడే పగిలిన నీళ్ల డ్రమ్ము, నడుమ సిమెంటు స్తంభం,
దాని నెత్తిన మోటారుసైకిలు పాత టైరు.
మూడేళ్లకి
మూడు అంచుల కొమ్మలు టైరు దాటి
తలంటుకున్న జుట్టులా కిందికి జారాయి.

మొదటి ఏడు ఎనిమిది పూలు.
ఎనిమిదీ పసుపెక్కి
మెట్ల మీద మెత్తగా రాలాయి.
ఎరువు మార్చాను. నీళ్లు తగ్గించాను.
పెద్ద తోటల వాళ్లని చూసి రాత్రుళ్లు బల్బు వేశాను.
కరెంటు బిల్లు కాసింది.

"ఎర్ర కండ రకం కదా,
తన పుప్పొడి తనకి పనికిరాదు.
ఇంకో ఇంటి చెట్టు కావాలి."

ఇంకో ఇల్లంటే గోడ అవతల తుయెత్ గారిదే.
ఆరేళ్ల కిందట తూము దగ్గర మాట తెగింది.
ఆయన నీళ్లు మా గుమ్మంలోకి వచ్చేవి,
నా తిట్లు ఆయన గుమ్మంలోకి వెళ్లేవి.
తర్వాత రెండూ ఆగిపోయాయి.

ఈ ఏడు ఒక్కటే మొగ్గ.
రాత్రి పదకొండుకి
దోసిలంత విప్పుకుంది.
తెల్లారితే ఉండదు.
మా లియెన్ పౌడరు కుంచె చెప్పకుండా తీసుకుని
చెప్పుల్లేకుండా పైకెక్కాను,
దొంగతనం గోడ అవతలే కదా.

అవతల టార్చి.
బనీనుతో ఆయన. చేతిలో పాత టూత్‌బ్రష్.
ఆయన స్తంభం మీద తెల్లగా నాలుగు గిన్నెలు.

రెక్కల పురుగొకటి
మా ఇద్దరి వెలుగుల మధ్య ఎటూ తేలక తిరిగింది.

ఆయన టీ గ్లాసొకటి గోడ మీద పెట్టాడు.
అడుగున చిటికెడు పసుప్పచ్చ పొడి.
కుంచె ముంచాను.
చెయ్యి వణికి కొంత గోడ మీదే పోయింది.

"తూము బాగు చేయించాను,"
పువ్వుతో అన్నట్టు అన్నాడు.
"ఎప్పుడు?"
"నాలుగేళ్లయింది."

వాళ్లది తెల్ల కండ రకమట.
దానికి ఎవరి పొడీ అక్కర్లేదట.
మర్నాడు కొట్టావిడ చెప్పింది.
మరి ఆ టూత్‌బ్రష్, ఆ గ్లాసు?
మా మెట్ల మీద రాలిన ఎనిమిదింటినీ
ఎవరు లెక్కపెట్టారు?

ఇవాళ్టికి ఐదో రోజు.
పువ్వు తడిగుడ్డలా వేలాడుతోంది,
వెనక ముడి మాత్రం పచ్చగా, గట్టిగా.
గ్లాసు ఇంకా మా ఇంట్లోనే ఉంది.
కింద లియెన్ అద్దం ముందు
ఒక బుగ్గ పసుపైపోయి అరుస్తోంది,
ఇదెవరి పొడి అని.